తాత పెట్టెలోని నాణేలు, చేలో దొరికిన కాసులు: ప్రదర్శనకి ఏవి తీసుకెళ్లొచ్చు?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర పల్లె. తాత పోయినాక ఆయన ట్రంకు పెట్టెలో విక్టోరియా రాణి, ఎడ్వర్డ్, జార్జి బొమ్మలున్న వెండి రూపాయలు నలభై దాకా, చిన్న బంగారు కాసులు మూడు కనిపించాయి. రెండేళ్ల కింద మా చేలో పైపులైనుకి కాలవ తీస్తుంటే కూలీలకు ఒక చెంబులో పచ్చబారిన రాగి కాసులు ముప్పై వరకు దొరికాయి. అవీ ఇంట్లోనే ఉన్నాయి. బెంగళూరులో పెద్ద నాణేల ప్రదర్శన ఉందని తెలిసి నేనూ మా నాయనా మొదటిసారి పోతున్నాం. అన్నీ పట్టుకుపోయి ధర కనుక్కుని, కుదిరితే అమ్మాలని ఉంది. దారిలో పోలీసులు పట్టుకుంటారా? అమ్మడానికి లైసెన్సు కావాలా? అమెరికాలో ఉన్న తమ్ముడికి రెండు ఇచ్చి పంపొచ్చా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: మీకు అన్నీ పాత నాణేలే. చట్టానికి మాత్రం అవి రెండు వేర్వేరు కుప్పలు. పెట్టెలో ఉన్నవి వారసత్వంగా వచ్చిన ఆస్తి. చేలో దొరికినవి నిధి. మొదటి కుప్పను కాగితాలు సరిచూసుకుని ధైర్యంగా తీసుకెళ్లండి. రెండో కుప్పలో ఒక్క కాసు కూడా ప్రదర్శనకి తీసుకెళ్లవద్దు. ధర కనుక్కోవడానికని కూడా వద్దు.

ముందు ఆ రాగి కాసుల సంగతి తేల్చుకోవాలి, మీకు అసలు ముప్పు అక్కడే ఉంది. 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో గానీ, నేలకు అంటుకుని ఉన్న కట్టడంలో గానీ దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా నిధే. అంటే పాత మిద్దె గోడ పడగొట్టినప్పుడు బయటపడినవీ ఈ లెక్కలోకే వస్తాయి. అటక మీద పెట్టెలో ఉన్నవి రావు. విలువ పది రూపాయలు దాటితే చాలు, దొరికినవాళ్లు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని ఆ చట్టం అంటుంది. తెలియజేయకపోతే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 'మా చేను, మా కాసులు' అనే వాదన ఇక్కడ నిలవదు. దాచిపెట్టడానికి సహకరించిన భూమి యజమానికి వేరే శిక్ష కూడా ఉంది. పైగా చట్టం దృష్టిలో వాటిని కనుగొన్నది మీరు కాదు, గునపం పట్టిన కూలీలు. వాళ్ల పేర్లు వదిలేసి అర్జీ రాస్తే రేపు వాళ్లలో ఒకరు వచ్చి చెప్పే మాటతో మీ మొదటి మాటే అబద్ధమవుతుంది.

అర్జీ ఒక పేజీ మించనక్కర్లేదు. ఏం దొరికాయి, ఎన్ని, చెంబుతో సహా ఏ స్థితిలో ఉన్నాయి, సుమారు విలువ ఎంత, ఏ గ్రామం, ఏ సర్వే నంబరు, ఎంత లోతులో, ఏ తేదీన, తవ్వింది ఎవరు అన్నవి ఉండాలి. తేదీ కచ్చితంగా గుర్తులేకపోతే పైపులు కొన్న బిల్లు చూసి నెలైనా రాయండి. వస్తువుల్ని ఖజానాలో అప్పగించడానికి గానీ, అడిగినప్పుడు తెచ్చి చూపడానికి పూచీ ఇవ్వడానికి గానీ సిద్ధంగా ఉన్నామని చివర చేర్చండి. చిత్తూరు కలెక్టరేట్‌లో ఇచ్చి రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే రసీదు నంబరు కూడా వస్తుంది. ఒక నకలు తహసీల్దారుకు ఇవ్వండి.

రెండేళ్లు ఆలస్యమైన మాట నిజమే, దానికి సంజాయిషీ అడగొచ్చు. అయినా మీరే వెళ్లి చెప్పడం వేరు, ఎవరో చెబితే వాళ్లు మీ ఇంటికి రావడం వేరు. అర్జీ ఇచ్చేముందు స్థానిక న్యాయవాదికి ఒకసారి చూపించుకోండి. ఈలోగా ఆ కాసుల్ని కడగొద్దు, పంచుకోవద్దు, చెంబు పారేయొద్దు.

ఇవి ప్రదర్శనకి పోతే ఏమవుతుందో కూడా చెబుతాను. ఒకే రకం రాగి కాసులు ముప్పై, అన్నింటి మీదా ఒకే మట్టి పెంకు, ఒకే పచ్చదనం. నాణేలు తెలిసినవాడు చూడగానే ఇది భూమిలోంచి వచ్చిన కుప్ప అని పోల్చుకుంటాడు. నిజాయితీ ఉన్న వ్యాపారి ముట్టుకోడు. ముట్టుకునేవాడు మీరు ఎక్కడా ఫిర్యాదు చేయలేరని తెలిసే అడ్డగోలు ధరకి అడుగుతాడు.

ఇక పెట్టెలోవి. 1972 నాటి పురావస్తువుల, కళా నిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలన్నీ అందులోకే వస్తాయి. ఐదో జార్జి బొమ్మతో చలామణీకి వేసిన వెండి రూపాయలు 1922తో ఆగిపోయాయి కాబట్టి అవీ వందేళ్లు దాటినవే. ఆరో జార్జివి ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

పురావస్తువు అనగానే ఇంట్లో ఉంచుకోవడమే నేరమని చాలామంది భయపడతారు. అది తప్పు. ఆ చట్టం కింద తప్పనిసరిగా రిజిస్టరు చేయించాల్సినవి విగ్రహాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు వంటివి. నాణేలు ఆ జాబితాలో లేవు. లైసెన్సు కావాల్సింది పురావస్తువుల్ని అమ్మే 'వ్యాపారం' చేసేవాళ్లకి. తాత సొమ్మును ఒక విడత అమ్ముకోవడం వ్యాపారం కాదు. ఊళ్లో నాలుగిళ్లు తిరిగి కొని, ప్రదర్శనలో బల్ల తీసుకుని, ఫేస్‌బుక్‌లో ధరలు పెట్టి అమ్మడం మొదలెడితే అది వ్యాపారం. ఎన్ని నాణేలు దాటితే వ్యాపారమో చట్టం అంకె చెప్పలేదు. అందుకే పదేపదే చిల్లరగా అమ్మకుండా, లైసెన్సు ఉన్న వ్యాపారికే అమ్మి, ఆయన లైసెన్సు నంబరున్న కొనుగోలు రసీదు తీసుకోండి.

ఈ నాణేలు ఎవరివి అన్న ప్రశ్న పోలీసుల కంటే ముందు మీ ఇంట్లోనే వస్తుంది. తాత వీలునామా రాయకుండా పోయి ఉంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తి అవ్వకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమానంగా వస్తుంది. పెట్టె మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన మీ నాయన ఒక్కరివే కావు, పెళ్లయి వెళ్లిన మీ మేనత్తలకూ వాటా ఉంది. 'ఫలానా జాబితాలోని నాణేలు అమ్మడానికి మాకు అభ్యంతరం లేదు, వచ్చిన డబ్బు ఇలా పంచుకుంటాం' అని అందరూ సంతకం చేసిన సమ్మతి పత్రం, ఇద్దరు సాక్షులతో రాయించండి. ఇవి చరాస్తి కాబట్టి దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నాణేల తగాదాలు ఎక్కువగా మొదలయ్యేది అమ్మకం అయిపోయాక, ధర ఎంత పలికిందో మేనత్తకి తెలిశాకే.

జాబితాకి ఒక సాయంత్రం కేటాయించండి. ప్రతి నాణేనికీ ఒక నంబరు, రెండు వైపులా ఫొటో, అచ్చులో ఉన్న సంవత్సరం, బరువు రాయాలి. గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ కాటా కావాలి. విక్టోరియా నుంచి ఐదో జార్జి దాకా వెండి రూపాయి ప్రామాణిక బరువు 11.66 గ్రాములు. అరిగినవి కాస్త తగ్గుతాయి. 10 గ్రాముల దగ్గర ఆగినా, 12 దాటినా అనుమానించండి. బంగారు కాసులు సుమారు 3.4 గ్రాములు తూగితే అవి వరహాలు కావచ్చు. చంద్రగిరి నుంచి కూడా ఏలిన విజయనగర రాజు వేంకటపతిరాయల వరహాలో, ఈస్టిండియా కంపెనీవాళ్లు మద్రాసులో వేసిన మూడు స్వాముల వరహాలో మన వైపు ఇళ్లలో ఉండే అవకాశం ఉంది. రెండింటి మీదా వేంకటేశ్వర స్వామి బొమ్మే ఉంటుంది, రెండింటికీ నకిలీలున్నాయి. చింతపండు, పీతాంబరి జోలికి పోవద్దు. తోమిన నాణెం ధర ప్రదర్శనలో అక్కడికక్కడే పడిపోతుంది, తోమక ముందు తీసిన ఫొటోతో పోలిక కూడా చెడుతుంది.

దారిలో ఆపితే చూపడానికి మీ దగ్గర ఉండాల్సినవి ఈ జాబితా, సమ్మతి పత్రం, తాత మరణ ధ్రువీకరణ పత్రం నకలు, ఆధార్. నాణేలు వెంట ఉండటం నేరం కాదు. దొంగసొత్తని అనుమానం వస్తే మాత్రం స్వాధీనం చేసుకునే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 106 కింద పోలీసులకు ఉంది. అప్పుడు వాదనకి దిగకుండా ఎన్ని నాణేలు, ఎంత బరువు అన్నది పంచనామాలో రాయించి నకలు అడగండి. 'పాత నాణేలు ఒక సంచి' అని రాస్తే సంతకం చేయొద్దు. తర్వాత మేజిస్ట్రేటు కోర్టులో సెక్షన్ 503 కింద దరఖాస్తు పెట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. పెళ్లయిన ఆడవాళ్లకు అరకిలో బంగారం దాకా ఎవరూ అడగరని చెప్పే మాట 1994 నాటి ఆదాయపు పన్ను సూచన, సోదాల్లో నగల గురించి ఇచ్చింది. కాసులకి దాన్ని చూపించి లాభం లేదు.

బస్సులోనో రైల్లోనో సంచి పోతే ఏ స్టేషన్ పరిధి అని వెతుక్కోనక్కర్లేదు. అదే సంహిత సెక్షన్ 173 ప్రకారం ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయాల్సిందే. అసలు నలభై రూపాయలూ మోసుకెళ్లడం ఎందుకు? ఫొటోలన్నీ ఫోన్‌లో పెట్టుకుని, రకానికి ఒకటి చొప్పున ఆరేడు, బంగారంలో ఒకటి తీసుకెళ్తే మొదటిసారికి చాలు.

హాలులో వందల బల్లలు, తోపులాట. సంచి బల్ల మీద కుమ్మరించొద్దు. ఒక్కొక్కటిగా తీసి, అంచులు పట్టుకుని ట్రేలో పెట్టండి. అది తిరిగి మీ చేతికి వచ్చాకే రెండోది తీయండి. చూస్తానని తీసుకుని అదే సంవత్సరం అరిగిన నాణెం తిరిగిచ్చే మోసం జరుగుతుంది. అప్పుడు మీ ఫొటో, బరువే సాక్ష్యం. కనీసం మూడు బల్లల దగ్గర అడగండి. ఎవరేమన్నా వెండి విలువకి తగ్గొద్దు. 11.66 గ్రాముల రూపాయిలో వెండి 91.7 శాతం, అంటే దాదాపు 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయిలో సగమే, 5.83 గ్రాములు. 1947ది నికెల్. 1939 తేదీ ఉన్న రూపాయి కనిపిస్తే మాత్రం ఆ రోజు అమ్మకండి. అది అరుదైనది, దానికి నకిలీలూ ఎక్కువే. ముందు పరీక్ష చేయించాలి.

వేలానికి ఇస్తామంటే ఒప్పందంలో నాలుగు సంగతులు చూడండి. కనీస ధర ఎవరు నిర్ణయిస్తారు, కమిషన్ ఎంత, అమ్ముడుపోకపోతే ఏదైనా కట్టాలా, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు. నాణెం వాళ్ల దగ్గర ఉండగా పోతే బాధ్యత ఎవరిదో ఆ కాగితంలో లేకపోతే రాయించండి.

డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒకే వ్యక్తి నుంచి ఒక రోజులో 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడుతుంది. అది పడేది అమ్మిన మీ మీదే. దేవుడి గదిలో ఉంచి పూజ చేసినవి సొంత వాడకం వస్తువులు, వాటికి పన్ను లేదనే వాదనను సుప్రీంకోర్టు 1976లోనే మహారాజా రాణా హేమంత్ సింగ్‌జీ కేసులో తోసిపుచ్చింది. అక్కడా గొడవ లక్ష్మీపూజకు ఉంచిన బంగారు, వెండి నాణేల గురించే. వారసత్వంగా వచ్చాయి కాబట్టి పన్ను లెక్కలో మీ దగ్గర ఉన్న కాలానికి తాత దగ్గర ఉన్న కాలం కూడా కలుస్తుంది. 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా చూపి, మిగిలిన లాభం మీద 12.5 శాతం లెక్కన పన్ను ఉంటుంది. ఆ నాటి విలువకి గుర్తింపు ఉన్న మదింపుదారు నివేదిక తీసుకోండి.

తమ్ముడికి పంపే విషయంలో జవాబు ఒక్కటే, వద్దు. వందేళ్లు నిండిన నాణేన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం ఆ 1972 చట్టం కింద నేరం. కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు. అమ్మకానికి కాదు, గుర్తుగా ఇచ్చాం అన్నా కుదరదు. విమానాశ్రయంలో దొరికేది తమ్ముడు, ఇచ్చింది మీరు. ఆరో జార్జి నాణెం ఇవ్వాలనుకున్నా భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ఇది పురావస్తువు కాదనే పత్రం తీసుకున్నాకే ఇవ్వండి.

మీరు అక్కడ కొనే సంగతి అడగలేదు గానీ, వెళ్లినవాళ్లు ఊరికే రారు. 1818 తేదీతో, హనుమంతుడి బొమ్మతో ఈస్టిండియా కంపెనీ అర్ధణా అని ఎవరైనా చూపితే అలాంటి నాణెం కంపెనీ వేయనే లేదు. బియ్యం గింజల్ని లాగుతుందని చెప్పే చెంబులూ కాసులూ పూర్తిగా మోసం. పాత నాణేన్ని నకిలీ చేసి అసలని అమ్మితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద ఫిర్యాదు చేయొచ్చు. అది నిలబడాలంటే బిల్లు మీద 'పాత నాణెం' అని కాకుండా రాజు పేరు, సంవత్సరం, లోహం, బరువు, అసలైనదన్న మాట ఉండాలి. మీరు ఫోన్ నంబరు ఇచ్చి వచ్చాక మీ నాణేనికి లక్షలిస్తాం, ముందు రిజర్వ్ బ్యాంకు రుసుము కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. పాత నాణేల కొనుగోలులో తమకు ఏ పాత్రా లేదని, రుసుములు వసూలు చేయడం లేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. అప్పటికే డబ్బు కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.