12 గ్రాముల రాగి పోయి 38 గ్రాముల వెండి వచ్చింది

ఇక్కడ ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మూలకాల పట్టిక మొత్తం బట్టీ పట్టాడు, వరస తప్పకుండా అప్పజెబుతాడు. కానీ పరమాణువు అంటే ఏమిట్రా అని అడిగితే నోరు మెదపడు. బట్టీ లేకుండా అర్థం చేయించే దారి ఉందా?"

ఉందండి. ముందుగా ఆ పట్టికను గోడ మీంచి తీసి ఒక ఆరు నెలలు పక్కన పెట్టండి.

నేను పదిహేడేళ్ళుగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. 118 మూలకాలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, ఆ తర్వాత "కూరలో వేసే ఉప్పులో ఉండేది ఈ సోడియమేనా మేడమ్?" అని అడిగే పిల్లలు ప్రతి ఏడూ కనిపిస్తారు. తప్పు వాళ్ళది కాదు. పరమాణువు అనగానే మనం వాళ్ళ ముందు ఒక బొమ్మ పెడుతున్నాం. మధ్యలో ఎర్ర బంతి, చుట్టూ వలయాలు, వలయాల మీద చుక్కలు. స్కూలు గోడల నిండా అదే బొమ్మ. సైన్స్ ఫెయిర్ వస్తే థర్మాకోల్ బంతులకు రంగులేసి తీగలకు గుచ్చుతారు, అది కూడా రాత్రి పదకొండింటి దాకా కూర్చుని అమ్మానాన్నలు చేసి పెడతారు. ఆ బంతులు చూసి పరమాణువు అర్థమైన పిల్లను నేను ఇంతవరకూ చూడలేదు. పరమాణువు అర్థం కావాలంటే చేతిలో త్రాసు ఉండాలి. ఈ మాట నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మా తాతయ్య పెరట్లో తెలిసింది.

మాది బందరు. తాతయ్య బంగారప్పని చేసేవారు. 1994 వేసవి సెలవుల్లో, నేను ఏడో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నప్పుడు, ఎవరివో పాత నగలు కరిగించి మేలిమి బంగారం తీసే పని ఆయనకు వచ్చింది. నగల్లో బంగారంతో పాటు రాగీ వెండీ కలిసి ఉంటాయి కదా, వాటిని విడదీయాలి. ఆయన చేసింది చూస్తే నాకు మతిపోయింది. వెండిని తీసెయ్యాల్సింది పోయి, ఇంకా కొంత వెండి తెచ్చి అందులో కలిపారు! మొత్తంలో బంగారం పావు వంతు దాకా తగ్గకపోతే యాసిడ్ లోపలికి దిగదట. మూసలో వెలిగారం వేసి కుంపటి మీద అన్నీ కలిపి కరిగించి, సాగ్గొట్టి పల్చటి రేకు చేసి, ముక్కలు కత్తిరించి, పెరట్లో నైట్రిక్ యాసిడ్‌లో వేశారు. ఎర్రటి పొగ లేచింది. నన్ను గాలి వచ్చే వైపు నిలబడమని చెప్పి తను ముక్కుకు తువ్వాలు కట్టుకున్నారు. ఆ పనిలో అంతకు మించిన రక్షణ ఎవరికీ తెలియదు. చివరి పదేళ్ళూ ఆయన దగ్గుతోనే గడిపారు. ఆ పొగ ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో ఒక్క ముక్క చెప్పినవాళ్ళు లేరు. మన ఊళ్ళలో ఇప్పటికీ చిన్న చిన్న గదుల్లో ఈ పని చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకైనా ఎవరైనా చెప్పాలి.

పొగ తగ్గాక చూస్తే అడుగున కాఫీ పొడి రంగులో మడ్డి పేరుకుని ఉంది. అదే బంగారం అన్నారు. మెరుపు లేదు, పసుపు లేదు. దానిపైన కాస్త నీలంగా, తేటగా నీళ్ళు.

"మరి వెండి ఏది తాతయ్యా?"

"ఆ నీళ్ళల్లోనే ఉంది."

"కనపడట్లేదుగా?"

"కనపడకపోతే లేనట్టా అమ్మలూ? ఉప్పు నీళ్ళలో ఉప్పు కనపడుతుందా?"

ఆ నీళ్ళను గాజు జాడీలోకి వంచి, ఇంకా నీళ్ళు కలిపి, ఒక రాగి రేకు తూచి అందులో వేలాడదీశారు. రేకు 60 గ్రాములు. ఆయన ప్రతిదీ తూచేవారు, ఎందుకంటే నగ ఇచ్చినవాళ్ళకు లెక్క చెప్పాలి. చిన్నప్పుడు గురివింద గింజలతో తూచిన మనిషి, గ్రాములొచ్చాక కూడా అదే శ్రద్ధ.

కాసేపటికి రేకు అంచుల వెంబడి బూడిద రంగు నూగు మొలిచింది. నేను జాడీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని కళ్ళార్పకుండా చూశాను. నూగు బూజులా దళసరి అయింది. ఎండ పడినచోట సన్నటి సూదుల్లా తళుక్కుమంటోంది. జాడీని కదిపితే ముద్దలు ముద్దలుగా అడుక్కి జారింది, దాని కింద రాగి మళ్ళీ ఎర్రగా కనపడింది, మళ్ళీ నూగు. నీళ్ళ నీలం గంట గంటకూ ముదిరింది. సాయంత్రం తాతయ్య వచ్చి ఆ నీళ్ళు రెండు చుక్కలు తీసి అందులో చిటికెడు ఉప్పు వేశారు. పాలు విరిగినట్టు తెల్లటి తరకలు వస్తే ఇంకా వెండి మిగిలినట్టు. రాలేదు. పని అయిపోయింది.

రేకు కడిగి తూచారు. 48 గ్రాములుంది. అంటే 12 గ్రాముల రాగి పోయింది. అడుగున ఉన్న బూడిద రంగు ముద్దను కడిగి, ఆరబెట్టి, కరిగిస్తే తెల్లటి వెండి బిళ్ళ. 38 గ్రాములు.

నేను ఎగిరి గంతేశాను. పరుసవేది కథలు విని పెరిగిన పిల్లను కదా, రాగి వెండిగా మారిపోయిందనే అనుకున్నాను. తాతయ్యకు కోపం వచ్చింది. "రాగి వెండి అవడమేమిటి? రాగి రాగే, వెండి వెండే. రాగి నీళ్ళలోకి దిగింది, వెండి నీళ్ళలోంచి పైకొచ్చింది. చోటు మార్చుకున్నాయంతే." నిప్పులో పెట్టినా, యాసిడ్‌లో ముంచినా, కంటికి కనపడకుండా పోయినా, వెండి వెండిగానే తిరిగొస్తుంది. మూలకం అంటే ఏమిటో నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

"మరి 12 గ్రాములు దిగితే 38 గ్రాములు ఎలా వచ్చింది?" అన్నాను.

"అదంతే. మూడింతలకు కాస్త పైనే వస్తుంది ఎప్పుడూ. మా నాన్న చెప్పాడు."

ఈ "అదంతే" నన్ను నాలుగేళ్ళు తినేసింది. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఒకరోజు లెక్చరర్ బోర్డు మీద పరమాణు భారాలు రాశారు. రాగి 63.5, వెండి 107.9. చేయి దానంతటదే నోట్సు చివరి పేజీకి వెళ్ళింది. రాగి బదులు వెండి వస్తే 107.9ని 63.5తో భాగించాలి. 1.7 వచ్చింది. తాతయ్య లెక్క తప్పా? తప్పు కాదని నాకు తెలుసు, త్రాసు నేను కూడా చూశాను. అప్పుడు వెలిగింది. ఒక్క రాగి పరమాణువు దిగితే రెండు వెండి పరమాణువులు పైకి రావాలి! రాగి రెండు ఎలక్ట్రాన్లు వదులుతుంది, వెండికి తలా ఒకటి చాలు. రెండు వెండి పరమాణువుల భారం 215.8. దాన్ని 63.5తో భాగిస్తే 3.4. మూడింతలకు కాస్త పైన. కంటికి కనపడనివాటిని నేను ఆ క్లాసులో కూర్చుని లెక్కపెట్టాను. పరమాణువులు నిజంగా ఉన్నాయని నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే. ఏ వలయాల బొమ్మ కూడా ఇవ్వని నమ్మకం అది.

ఇంటికి పరిగెత్తుకెళ్ళి తాతయ్యకు చెప్పాను. 12 గ్రాములకు దాదాపు 41 రావాలి, మనకు 38 వచ్చింది, మూడు గ్రాములు ఎక్కడ పోయిందని నేనే అడిగాను. ఆయన తడుముకోలేదు. "యాసిడ్‌లో పదును ఇంకా మిగిలుంటే ఊరికే రాగిని తింటుంది. ఆ రాగికి బదులు వెండి రాదు." ఎమ్మెస్సీ చదివాక కూడా నేను దానికి కలపాల్సింది ఏమీ కనపడలేదు.

పరమాణువును లోకానికి నమ్మకంగా చెప్పిన జాన్ డాల్టన్ కూడా 1808లో వచ్చింది బరువుల లెక్కతోనే. అప్పటికి ఎలక్ట్రాన్ అంటే ఎవరికీ తెలియదు. 1869లో మెండలీవ్ తన పట్టిక పేర్చింది కూడా పరమాణు భారాల వరసలోనే. ఖాళీలు వదిలి, అక్కడికి వచ్చే మూలకాలు ఎలా ఉంటాయో ముందే రాశాడు. 1875లో గాలియం దొరికినప్పుడు దాని సాంద్రత 4.7 అని తేలితే, "కాదు, 5.9 దగ్గర ఉండాలి, మళ్ళీ చూడండి" అన్నాడు. శుద్ధి చేసి మళ్ళీ చూస్తే 5.9 వచ్చింది. ఈ పట్టికను మనం పిల్లల చేత ఎడమ నుంచి కుడికి పాటలా పాడిస్తున్నాం. నిలువుగా చదవాలండీ దాన్ని! పట్టికలో వరస సంఖ్యలు చూస్తే రాగి 29, వెండి 47, బంగారం 79. తాతయ్య చేతిలో జీవితమంతా తిరిగిన మూడు లోహాలూ ఒకే నిలువు వరసలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కంసాలి పని తెలిసిన ఇంట్లో పిల్లకు ఈ వరస చూపిస్తే ఇక మర్చిపోదు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి, ఇది నా పాత బాధ. మా అమ్మ చదువుకున్న పుస్తకాల్లో హైడ్రోజన్‌ను ఉదజని అనేవారు, నీటిని పుట్టించేది అని. ఆక్సిజన్ ఆమ్లజని. పేరులోనే కథ ఉంది. ఆక్సిజన్ లేకుండా ఆమ్లం లేదని లావోయిజర్ అనుకుని ఆ పేరు పెట్టాడు, అది పొరపాటని తర్వాత హంఫ్రీ డేవీ చూపించాడు. ఆమ్లజని అన్న ఒక్క మాటతో ఈ కథంతా పిల్లలకు చెప్పొచ్చు. ఆ పేర్లు ఉంచి ఉంటే మన పిల్లలకు సగం టెన్షన్ తగ్గేదని నేను గట్టిగా నమ్ముతాను. వెండికి ఏజీ అని ఎందుకు రాస్తారో కూడా క్లాసులో చెప్పరు. లాటిన్‌లో వెండి అర్జెంటమ్, అందుకు. అర్జెంటీనా పేరు కూడా అక్కడిదే. ఇంత చిన్న మాట చెప్పడానికి అర నిమిషం పట్టదు.

బందరు పిల్లలకు, గుంటూరు పిల్లలకు హీలియం గురించి చెప్పకపోవడం నాకు మరీ కష్టంగా ఉంటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగా పోయింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి చూశాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మా బందరు వచ్చి చూశాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును రంగులుగా విడదీసి చూస్తే అందులో ఒక పసుపు గీత కనపడింది. సాంబారు పొంగి స్టవ్ మీద పడితే మంట పసుపుగా అవుతుంది చూడండి, అది ఉప్పులోని సోడియం. సూర్యుడి దగ్గర కనపడిన పసుపు దానికి పక్కనే ఉంది, కానీ అది సోడియం కాదు. ఇంగ్లండ్‌లో లాకియర్ ఆ గీత వెంట పడి అది కొత్త మూలకమన్నాడు. భూమి మీద దాన్ని రామ్సే పట్టుకునేసరికి 1895 అయింది. మన ఊళ్ళో నిలబడి చూసిన మూలకం ఇది, మన పాఠంలో మాత్రం "హీలియం, 2" అని ఒక గడిలో ఉంటుంది.

ఇక మీ అబ్బాయి సంగతి. నైట్రిక్ యాసిడ్ జోలికి అసలు పోవద్దు. ఎరువుల కొట్లో మైలుతుత్తం దొరుకుతుంది, తోటలకు కొట్టే బోర్డో మిశ్రమంలో వేసేది. అది విషం, కాబట్టి వంటగిన్నెలు ముట్టుకోకుండా పాత గాజు గ్లాసు తీసుకోండి, పని కాగానే చేతులు కడిగించండి. మైలుతుత్తం ఒక చెంచాడు తీసుకుని ఆ గ్లాసులో నీళ్ళు పోసి కరిగించి, గరుకు కాగితంతో రుద్దిన ఇనుప మేకులు నాలుగు వేయండి. తుప్పు ఉంటే పని జరగదు. కాసేపటికి మేకులు ఎర్రబడతాయి, ఆ ఎరుపు రాగి. రెండు రోజులు ఉంచితే నీలం పల్చబడి లేత ఆకుపచ్చ అవుతుంది.

వేసే ముందు మేకులు తూయించండి. కూరగాయల త్రాసు చాలదు, తెలిసిన బంగారం కొట్టు ఉంటే అడగండి. తీశాక రాలిపోయిన ఎర్ర పొడిని కూడా పోగుచేసి, కడిగి, ఆరబెట్టి కలిపి తూయించండి. ఇనుము పరమాణు భారం 55.8, రాగిది 63.5. ఇక్కడ ఒకటి దిగితే ఒకటే పైకి వస్తుంది కాబట్టి బరువు పెరుగుతుంది కానీ కొద్దిగానే పెరుగుతుంది. వెండికి మూడింతలకు పైన వచ్చి, ఇక్కడ ఇంత తక్కువ ఎందుకు వచ్చిందో మీ అబ్బాయినే అడగండి. జవాబు మీరు చెప్పొద్దు. ఒకటి రెండు రోజులు పట్టినా సరే, కాగితం, పెన్సిల్ ఇచ్చి వాడి మానాన వాణ్ణి వదిలేయండి.