హాలులో గ్రహాంతరవాసుల తగాదా: పాపకు పెద్దమ్మ రాసేది

చిత్తూరు

పాపకు పెద్దమ్మ ఆశీస్సులు.

'స్టార్ ట్రెక్' అంతరిక్ష సీరియళ్లలో ఒకటైన 'డీప్ స్పేస్ నైన్' మీద తిరుపతిలో చర్చ పెడుతున్నావంట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సెమిస్టర్ పరీక్షలు నెత్తిమీద పెట్టుకొని ఇదేం పని అని ఆమె గొణుగుడు. నాకైతే చానా సంతోషమైంది. 1993లో మొదలై 1999లో ముగిసిన సీరియల్ గురించి, అది అయిపోయాక పుట్టిన పిల్లలు ముప్పై మంది హాలు అద్దెకు తీసుకొని మరీ వాదించుకుంటారంటే మాటలా! సంతోషం వెంటే దడ కూడా పట్టుకుంది. ఎందుకో కింద రాస్తాను, అంతదాకా ఓపిగ్గా చదువు.

సులువైనవి ముందు. పెరటాసి శనివారాలు, బ్రహ్మోత్సవాల రోజులు వద్దు. బస్సుల్లో కాలు పెట్టే సందుండదు, పుత్తూరు, శ్రీకాళహస్తి పిల్లలు బస్టాండులోనే ఇరుక్కుంటారు. క్లిప్పులు మూడే, ఒక్కోటి మూడు నిమిషాలకు మించకుండా. ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా అని కాగితం మీద ఉండాలి. సబ్‌టైటిల్స్ తప్పనిసరి. ఫ్యాన్ల చప్పుడులో ఆ యాస వెనక వరసకు చేరదు. కొందరు ఇంకా నాలుగో సీజన్‌లోనే ఉంటారు కాబట్టి చర్చ అక్కడికే ఆపు. చివర్లో సారా కొట్టు క్వార్క్ తమ్ముడు రోమ్ ఏమవుతాడో నోరు జారినావంటే ఆ పిల్లలు నిన్ను జన్మలో క్షమించరు.

ఇంక ప్రశ్న. "ఇందులో సంస్కృతులు బాగా కల్పించారా?" అని పెడితే బాగున్నాయని సగం మంది, లేవని సగం మంది గంటసేపు అరుచుకుంటారు. చూసి తేల్చగలిగేది పెట్టు. "ఫెరెంగీల డబ్బు యావకు కథలో కారణం చూపించారా, పుట్టుక గుణమని వదిలేశారా?" అనేది ఒకటి (ఫెరెంగీలు లాభమే లోకంగా బతికే వ్యాపారుల జాతి). "బజోర్ వాళ్లు డిజారాలను వదిలేసింది మనసు మారి చేసిన పనా, కార్డాసియన్ల ఆక్రమణ నెట్టిన పనా?" అనేది రెండోది (డిజారా అంటే బజోర్ గ్రహంలో పుట్టుకతో వచ్చే వృత్తి, కార్డాసియన్లు ఆ గ్రహాన్ని ఆక్రమించిన జాతి). మూడు గంటలకు ఈ రెండే ఎక్కువ.

మాట్లాడే ప్రతి ఒక్కరికీ అర ఠావు చీటీ ఇవ్వు. దానిమీద నాలుగు విషయాలు రాయించు: ఏ సీజన్, ఏ ఎపిసోడ్, తెరమీద ఏం కనిపించింది, ఆ మాట అన్నది ఎవరు. చీటీ లేకుంటే మైకు లేదు. మాటకు మూడు నిమిషాలు, జవాబుకు ఒకటి. నవలల్లో, గేముల్లో చదివిన సంగతులు వేరే కుప్ప. వాటిని సాక్ష్యంగా తీసుకోవద్దు. నాలుగో గడిని మాత్రం ఖాళీగా వదలనివ్వొద్దు. రెండో సీజన్ చివరి ఎపిసోడ్‌లో (1994) ఫెరెంగీ క్వార్క్ అంతరిక్ష కేంద్రం కమాండర్ సిస్కోను నిలదీస్తాడు గుర్తుందా? బానిసత్వం, నిర్బంధ శిబిరాలు మీ మనుషుల చరిత్రలోవి, మా ఫెరెంగీలకు అలాంటివి లేవు, మేమే మీకన్నా మెరుగు అని. హాలులో ఎవరో ఒకరు దీన్ని ఫెరెంగీ చరిత్రకు రుజువుగా తెస్తారు. అది తన వాళ్లను వెనకేసుకొచ్చే సారా కొట్టు యజమాని వాంగ్మూలం. ఆడవాళ్లను బట్ట కట్టనీయని, పైసా సంపాదించనీయని సమాజం నుంచి వచ్చినవాడే ఆ మాట అంటున్నాడు. వాంగ్మూలం అని రాసుకుంటే దాని బరువు ఎంతో తెలుస్తుంది, చరిత్ర అని రాసుకుంటే వాదన పక్కదారి పడుతుంది.

బోర్డును నిలువునా రెండుగా గీయి. ఒక పక్క 'కథ లోపల', ఇంకో పక్క 'కథ బయట'. క్లింగాన్లనే యోధుల జాతి నుదుటితో ఎవరైనా మొదలుపెట్టక మానరు. 1967లో మొదటి 'స్టార్ ట్రెక్' సీరియల్‌లో వాళ్లవి మామూలు నుదుళ్లే, 1979 సినిమాలో గట్లు గట్లుగా లేచినాయి. కథ బయట జవాబు: మొదటి సీరియల్ నాటి డబ్బు, మేకప్ అంతే. కథ లోపల జవాబు: 1996లో క్లింగాన్ అధికారి వోర్ఫ్ పాత క్లింగాన్లను ఎదురుగా పెట్టుకొని, ఈ సంగతి మేము బయటివాళ్లతో మాట్లాడం అని తప్పించుకున్నాడు, 2005లో 'ఎంటర్‌ప్రైజ్' సీరియల్ దానికో వైరస్ కథ కట్టింది. రెండూ సరైన జవాబులే. ఒకడు లోపలి ప్రశ్న అడిగితే ఇంకొకడు బయటి జవాబు చెప్పడంతోనే సగం కొట్లాటలు. (1996 ఎపిసోడ్ అయిదో సీజన్‌ది. నీ హద్దు దాటుతుంది కానీ కథ బయటపెట్టే ఎపిసోడ్ కాదులే, చెప్పుకోవచ్చు.)

ఇప్పుడు నా దడ సంగతి.

ఈ సీరియళ్ల అభిమానుల్లో నలభై ఏళ్లుగా ఊడని తప్పు ఒకటుంది. గ్రహం మొత్తానికి ఒకే గుణం: వల్కన్లంటే తర్కం, క్లింగాన్లంటే పౌరుషం, ఫెరెంగీలంటే లాభం. రాసేవాళ్లకు అది అవసరం. ఉండేది ముప్పావు గంట, అందులో కొత్త జాతిని చూడగానే గుర్తుపట్టించాలి. చూసేవాళ్లు మాత్రం దాన్ని అక్కడితో వదలరు. ఒక జాతికి ఒక గుణం అని తలకెక్కినాక, ఆ గుణాన్ని తెచ్చి చుట్టుపక్కల ఎవరికో ఒకరికి తగిలిస్తారు.

ఫెరెంగీల పుట్టుకే ఇందులో చిక్కు. 1987లో 'స్టార్ ట్రెక్' సీరియల్ 'నెక్స్ట్ జనరేషన్'లో వాళ్లను క్లింగాన్ల స్థానంలో కొత్త శత్రువులుగా దించారు. కొరడాలు ఝళిపిస్తూ గెంతే ఆ పొట్టివాళ్లను చూసి ఎవరూ భయపడలేదు. పెద్ద చెవులు, ముక్కు, డబ్బాశ కలిసి యూరప్‌లో యూదులను ఎగతాళి చేస్తూ గీసిన పాత బొమ్మల్లా ఉన్నాయనే విమర్శ అప్పటి నుంచీ ఉంది. మీ హాలులో యూదులు ఉండరు. అందుకే ఎవడో ఒకడు లేచి, "ఫెరెంగీలంటే మన ఫలానా వాళ్లే కదా" అంటాడు. చెడ్డవాడై అనడు, చప్పట్ల కోసం అంటాడు. హాలంతా నవ్వుతుంది. ఆ ఫలానా ఇంటి పిల్ల మూడో వరసలో ఉంటుంది. మర్యాదకు తానూ నవ్వి, చేతిలో చీటీని మడిచి బ్యాగులో వేసుకుంటుంది. ఇంక ఆ పూట మాట్లాడదు, మళ్లీ నీ చర్చకు రాదు. ఎందుకు రాలేదో నీకు ఎవరూ చెప్పరు కూడా.

అందుకే మొదటి నిమిషంలోనే, క్లిప్పు కన్నా ముందు, ఈ నియమం చదవాలి: ఆచారాన్ని ఆచారంతో పోల్చొచ్చు, మనుషులను మనుషులతో పోల్చకూడదు. వడ్డీ పద్ధతిని వడ్డీ పద్ధతితో, పెళ్లి కట్టుబాటును కట్టుబాటుతో ఎంతసేపైనా పోల్చుకోండి. 'ఆ జాతి ఈ కులం లాంటిది', 'ఆ గ్రహం ఫలానా జిల్లా వాళ్ల లాంటిది' అన్న మరుక్షణం మైకు వెనక్కి. ఎదురు ప్రశ్నలు, క్షమాపణలు, ఉపన్యాసాలు వద్దు. తరువాతి చీటీ పిలవండి. నవ్వుకు చోటు దొరికే లోపలే పిలవాలి, అదే కిటుకు.

అడ్డుకోవడం ఒక్కటే చాలదు, వాదానికి మేత కూడా వేయాలి. ఒకే గుణం అన్న మాటను ఈ సీరియలే ఎట్లా తిప్పికొట్టిందో చూపించు. మూడో సీజన్‌లో (1995) రోమ్ కొడుకు నాగ్ స్టార్‌ఫ్లీట్ అనే అంతరిక్ష దళంలో చేరతానని సిస్కో వెంటపడతాడు. ఎందుకురా అంటే, మా నాయనకు యంత్రాల విద్య చేతిలో ఉండి కూడా ఫెరెంగీ కాబట్టి లాభం వెంట పరిగెత్తి ఎందుకూ కాకుండా పోయినాడు, నేను అట్లా కాను అంటాడు. నీ మొదటి క్లిప్పు అదే. అదే ఏడాది రోమ్ తల్లి ఇష్కా చాటుగా సంపాదించి బయటపడుతుంది, 1996లో రోమ్ తన అన్న క్వార్క్ కొట్టులోనే యూనియన్ పెడతాడు. తల్లి, కొడుకు, మనవడు ముగ్గురూ ముగ్గురే. ఫెరెంగీల 285 నియమాల పుస్తకంలో కూడా 34వది యుద్ధం వ్యాపారానికి మంచిదంటుంది, 35వది శాంతి మంచిదంటుంది. తనలో తనకే పొసగని సంస్కృతే నమ్మబుద్ధయ్యే సంస్కృతి అని నా లెక్క. నువ్వు ఒప్పుకోకపోయినా పర్వాలేదు.

రెండో క్లిప్పు 'యాక్సెషన్', నాలుగో సీజన్, 1996. బజోర్‌లో పుట్టుకను బట్టి వృత్తి, అదే డిజారా. ఆక్రమణ కాలంలో అందరూ ఆయుధం పట్టాల్సి వచ్చి దాన్ని వదిలేశారు. రెండు వందల ఏళ్ల కిందటి కవి ఒకడు తిరిగొచ్చి, మళ్లీ పెట్టండి అంటాడు. ఆక్రమణతో పోరాడిన బజోర్ ఆవిడ కీరా ఇంటివాళ్లది కళాకారుల డిజారా. పోరాటం తప్ప ఎరుగని ఆ చేతులతో ఆమె మట్టిపక్షిని చేయబోయి, కుదరక నానా తంటాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలే చూపించు. తక్కువ డిజారా వాడు పూజారి పదవి వదలనన్నందుకు ఇంకో పూజారి అతన్ని తోసి చంపే భాగం చూపించొద్దు, నోటితో చెప్పు చాలు. మన హాలులో దానికి ఎవరి ఇంట్లో ఏ గాయం ఉందో మనకు తెలియదు. చర్చ మాత్రం మానొద్దు. భయపడి దీన్ని తీసేస్తే నీ చర్చలో పసే లేదు. (కీరా నెరిస్‌లో కీరా ఇంటిపేరు, మన మాదిరే ముందొస్తుంది. 'నెరిస్ కుటుంబం' అని ఎవరైనా అంటే దిద్దు.)

'ఎక్స్‌పాన్స్' అనే ఇంకో అంతరిక్ష సీరియల్ అభిమానులు ఊరుకోరు. స్పేస్ సూటులో భుజాలు ఎగరేస్తే కనపడదు కాబట్టి బెల్టర్లు (గ్రహశకలాల మీద బతికేవాళ్లు) చేతులతో సైగ చేస్తారు, ఇక్కడ ప్రతి అలవాటుకూ కారణం ఉంది అంటారు. నిజమే. నీళ్లకు, గాలికి కొలత పెట్టి బతికే జనం మన సీమ వాళ్లకు తొందరగా అర్థమవుతారు కూడా. దానికి ఇంకో ఆదివారం ఇస్తామని చెప్పు, లేకుంటే ఆ పూటంతా మింగేస్తారు.

వరస ఇదీ: ఫెరెంగీలు ముందు, టీ, తరువాత బజోర్‌కు పూర్తి గంట, ఆఖరున క్లింగాన్ నుదుటి క్లిప్పు. బజోర్‌ను చివర్లో పెడితే తెగని వాదం హాస్టల్ గదుల దాకా పోతుంది. నుదుటి దగ్గర నవ్వుకొని లేస్తారు.

అధ్యక్షత నువ్వు చేయొద్దు. కోపం తెచ్చుకోకు తల్లీ. కీరాను ఎవరైనా ఒక్క మాటంటే నువ్వు ఎదుటివాళ్ల వాక్యం పూర్తి కానివ్వవు, ఇంట్లో అందరికీ తెలిసిందే. సీరియల్ బాగా తెలిసి, ఎవరి పక్షమూ కాని మనిషిని కూర్చోబెట్టు. నువ్వు చీటీలు చూడు, బోర్డు రాయి. ఆ పని నీ అంత శ్రద్ధగా ఇంకెవరూ చేయలేరు.

రెండు గంటలకు మొదలుపెట్టి అయిదుకల్లా ముగించు, చిత్తూరు పిల్లలు చీకటి పడకముందే బస్సెక్కాలి. నియమం కాగితం, చీటీ నమూనా జిరాక్స్‌కు ఇచ్చే ముందు ఫోటో తీసి నాకు పంపు. పరీక్ష ఏ రోజో కూడా రాయి, మీ అమ్మకు నేను సర్దిచెప్తాను.

పెద్దమ్మ