డిటెక్టివ్ నవలా రచయిత ఏడాదికో నవల రాస్తూ, పాఠకులను కలవడానికీ టైమెలా కుదుర్చుకోవాలి?

డిసెంబరు నుంచి వెనక్కి లెక్కేసుకోండి. హైదరాబాద్ బుక్ ఫెయిర్ సాధారణంగా డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో జరుగుతాయి. ఆ రెండు నెలల్లో రాత సాగదు, ఆశ పెట్టుకోవద్దు. ఫిబ్రవరిలో ప్లాటు, మార్చి నుంచి రోజుకు 500 మాటలు. వంద రోజులకు 50 వేలు, జూన్ కల్లా చిత్తుప్రతి సిద్ధం.

అసలు కష్టం ఆ తర్వాతే. సాగదీతగా ఉందని 7వ అధ్యాయంలో ఒక పేరా కొట్టేస్తారు. 22లో డిటెక్టివ్ పట్టుకునే ఆధారం అందులోనే ఉంటుంది. అందుకే విడిగా ఒక పట్టిక రాసుకోవాలి: ఏ ఆధారం, ఏ అధ్యాయంలో, ఎవరి కంటపడింది, అప్పుడు టైమెంత. అది చూడకుండా ఏదీ కొట్టేయకండి. ముగింపు తెలియనివారితో చదివించి, ఎక్కడ ఎవరిని అనుమానించారో మార్జిన్లో రాయమనండి. మూడో అధ్యాయానికే హంతకుడి పేరు కనిపిస్తే ఆధారం మరీ బాహాటంగా పెట్టారన్నమాట.

అక్టోబరులో ప్రెస్సుకివ్వండి. ఫారానికి (ఒకే పెద్ద కాగితంపై కలిపి అచ్చయ్యే పేజీలకు) 16 పేజీల లెక్కన, పుస్తకాన్ని 200 పేజీల కంటే 192కో 208కో సర్దితే కాగితం వృథా కాదు.

సభల్లో మొదటి అధ్యాయమే చదవండి. హంతకుడి గురించి ఎవరైనా అడిగితే పక్కకు పిలిచి మాట్లాడండి, ఎదురుగా కూర్చున్నవారిలో చాలామంది ఇంకా చదివి ఉండరు.