గిల్గిత్-బల్టిస్థాన్ పాకిస్తాన్‌లో ఒక ప్రావిన్సా, అక్కడివారు కశ్మీరీలేనా?

రెండింటికీ సమాధానం కాదనేనండి. కే2 (8,611 మీటర్లు), నంగా పర్బత్ శిఖరాలున్న ఈ ప్రాంతం 1947-48 నుంచి పాకిస్తాన్ అధీనంలో ఉన్నా, ఆ దేశ రాజ్యాంగం దీన్ని ప్రావిన్సుగా పేర్కొనదు. 2009 ఉత్తర్వుతో 33 మంది సభ్యుల శాసనసభ, ముఖ్యమంత్రి పదవి ఏర్పడ్డాయి గానీ, ఇస్లామాబాద్ పార్లమెంటులో వీరికి స్థానం లేదు. భారత్ 2019 నుంచి దీన్ని లడఖ్‌లో భాగంగా చూపుతోంది.

ఇక ప్రజల సంగతి. గిల్గిత్ చుట్టుపక్కల షినా, స్కర్దూ వైపు టిబెటన్‌కు దగ్గరి బంధువైన బల్టీ, హుంజా, నగర్, యాసిన్ లోయల్లో మరే భాషతోనూ చుట్టరికం తేలని బురుషస్కీ మాట్లాడతారు కనుక, వీరందరినీ కశ్మీరీలనడం అన్యాయమే. 1971 యుద్ధంలో తుర్తుక్ గ్రామం భారత్ వైపు రావడంతో, అక్కడి బల్టీ కుటుంబాలు ఎన్నో నియంత్రణ రేఖకు అటూ ఇటూ విడిపోయాయి.