ఉరుము ముందా, మెరుపు ముందా?

సందేహం: వేసవి వచ్చిందంటే నా చూపు ఆకాశం మీదే ఉంటుంది. పొద్దున ఎక్కడా మబ్బు ఉండదు, మధ్యాహ్నానికి కమ్ముకొస్తుంది, సాయంత్రానికి చినుకు రాల్చకుండా విడిపోతుంది. ఫోన్‌లో రాడార్ చిత్రాలు చూసుకుంటూ ఒక్క మంచి ఉరుముల వాన కోసం ఎదురుచూస్తుంటాను. మెరుపు ముందు కనిపిస్తుంది, ఉరుము తర్వాత వినిపిస్తుంది కదా, మరి అందరూ ‘ఉరుములు, మెరుపులు’ అనే అంటారెందుకు? ‘మెరుపులు, ఉరుములతో కూడిన వర్షం’ అని రాయడమే శాస్త్రీయం కాదా? అలాగే ‘ఉరుములు పడ్డాయి’, ‘పిడుగులు పడే అవకాశం’ సరైన ప్రయోగాలేనా? (ఒక పాఠకుడు)

సమాధానం: మీరు చెప్పిన శాస్త్రంలో దోషం లేదు. మెరుపు సాగిన దారిలో గాలి రెప్పపాటులో ఇంచుమించు 30,000 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆ అదురుకు పుట్టిన చప్పుడే ఉరుము. రెండూ పుట్టేది ఒకే చోట, ఒకే క్షణంలో. వెలుగు వెంటనే మనల్ని చేరుతుంది, చప్పుడు సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున వస్తుంది. మెరుపు చూసి లెక్కపెట్టడం మొదలుపెడితే మూడు సెకన్లకు ఉరుము వినిపించిందనుకోండి, అది కిలోమీటరు దూరంలో పుట్టిందన్నమాట. ఇంతవరకు మీతో నాకు పేచీ లేదు. కానీ జంటగా నడిచే మాటల వరుసను గడియారం చేతపట్టుకుని దిద్దబోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

మన జంటమాటలు కొన్ని వరసగా పైకి అనుకోండి. ఎండావానా, ఊరూవాడా, ఊరూపేరూ, ఆటాపాటా, ఇల్లూవాకిలీ, ఇరుగుపొరుగు, ఉప్పూకారం, ఎగుడుదిగుడు, ఒడిదుడుకులు. అన్నిటిలోనూ అచ్చుతో మొదలయ్యే మాటే ముందుంది. తెలుగులో దీన్నెవరూ సూత్రంగా కట్టి మన నెత్తిన పెట్టలేదు, చెవికి అలా ఇంపుగా తోచి స్థిరపడింది. సంస్కృత ద్వంద్వ సమాసానికి వ్యాకరణకర్త పాణిని ‘అజాద్యదంతమ్’ అని ఒక సూత్రమే చేశాడు. అచ్చుతో మొదలై అకారంతో ముగిసే పదం ముందు రావాలని దాని భావం. వెంటనే ‘అల్పాచ్తరమ్’ అన్నాడు, అచ్చులు తక్కువ ఉన్న పదం ముందు రావాలని. మన ఉరుముకు, మెరుపుకు ఈ సూత్రాలు నేరుగా అంటవు. రెండూ తెలుగు మాటలు, రెండిటికీ మూడేసి అచ్చులు. అయినా పాణిని చెవికి తట్టినదే మన పూర్వుల చెవికీ తట్టిందని నా నమ్మకం. ‘మెరుపులు, ఉరుములు’ అని ఒకసారి, ‘ఉరుములు, మెరుపులు’ అని ఒకసారి పైకి అనండి. రెండోది నాలుక మీద దానంతటదే జారుతుంది.

అయితే ఇది చెక్కుచెదరని నియమమని నేననను. ‘మామా అల్లుళ్ళు’ అంటాం, ‘అల్లుడూ మామలూ’ అనం. అక్కడ పెద్దరికం గెలిచింది. గౌరవించదగినది ముందుండాలని (‘అభ్యర్హితం చ’) పాణిని సూత్రాలకు వార్తికాలనే వివరణలు రాసిన కాత్యాయనుడు ఆ సంగతీ చెప్పే ఉన్నాడు. ‘నిన్నా ఇవాళా’ అన్నప్పుడు కాలక్రమం గెలిచింది. ‘గాలివాన’లోనూ అంతే. మబ్బులోంచి కిందికి దూకిన చల్లగాలి నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది, వానకంటే ముందు మనల్ని చేరేది అదే. కాబట్టి కాలక్రమం భాషకు పట్టదని నా వాదన కాదు, ప్రతిచోటా దాని పెత్తనం సాగదని మాత్రమే.

ఇక అమరకోశమనే సంస్కృత పర్యాయపద నిఘంటువును కూర్చిన అమరసింహుడి దగ్గరికి వస్తాను. ఇలాంటి సందేహం ఎవరడిగినా నేను ముందు తెరిచేది అమరకోశమే. అది మాటల జాబితా అని ఇప్పటి విద్యార్థులు అనుకుంటారు, అది నాకు బాధ. పర్యాయపదాలు బట్టీపట్టి, పరీక్ష రాసి, మూసేస్తారు. అది జాబితా కాదు, ప్రపంచాన్ని ఒక వరుసలో పేర్చి చూపించిన చూపు. ప్రథమకాండంలోని దిగ్వర్గం తీయండి. దిక్కులు చెప్పాక మబ్బు దగ్గరికి వస్తాడు. అభ్రం, మేఘం, వారివాహం, స్తనయిత్నువు, బలాహకం, ధారాధరం, జలధరం, తడిత్వంతం, వారిదం, అంబుభృత్తు, ఘనం, జీమూతం, ముదిరం, జలముక్కు, ధూమయోని. మొత్తం పదిహేను పేర్లు. నీటిని మోసేది, నీటిని ఇచ్చేది, నీటిని విడిచేది, పొగలోంచి పుట్టింది. స్తనయిత్నువంటే ఉరిమేది, తడిత్వంతమంటే మెరుపు గలది. చూశారా, మబ్బు పేర్లలోనే ఉరిమేది ముందు, మెరిసేది వెనక! ఇది శ్లోకం కోసం పడ్డ వరుస కావచ్చు, దీని మీద నేను బరువు పెట్టను.

బరువు పెట్టదగినది ఆ తర్వాత వస్తుంది. మబ్బుల బారుకు కాదంబిని అని పేరు చెప్పి, ‘స్తనితం గర్జితం’ అంటూ ఉరుముకు వస్తాడు. ఉరుము చెప్పాకే ‘శంపా శతహ్రదా’ అని మెరుపు ఎత్తుకుంటాడు. మెరుపుకు పది పేర్లు: శంప, శతహ్రద, హ్రాదిని, ఐరావతి, క్షణప్రభ, తటిత్తు, సౌదామని, విద్యుత్తు, చంచల, చపల. తర్వాత స్ఫూర్జథువు, అంటే పిడుగు చప్పుడు. ఆ తర్వాత ఇంద్రధనుస్సు. దాని తర్వాత గానీ వర్షం రాదు. వర్షం వెనకే ‘అవగ్రహం’ అని వాన కురవకపోవడానికీ పేరు చెబుతాడు. అది దాటి ఆసారమనే ధారాపాతం, శీకరమనే తుంపర, కరకమనే వడగల్లు. మీలాగా ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నవాడికి ఒక సాయంత్రం ఎదురయ్యేవి దాదాపు ఇవే. మబ్బు లేచింది, ఉరిమింది, మెరిసింది, ఆపైన కురవవచ్చు, కురవకపోనూ వచ్చు. వాన తప్పిపోవడాన్ని వాన పక్కనే నిలబెట్టిన ఆ కోశకారుడికి నేను ఎన్నిసార్లయినా నమస్కరిస్తాను. హ్రాదిని అనే పేరు కూడా గమనించండి. హ్రాదమంటే చప్పుడు. మెరుపు పేర్ల మధ్యలోనూ ఒక చప్పుడు పేరుంది.

అసలు ఎదురుచూసే మనిషికి ఉరుమే ముందు అని నేనంటాను, ఇది శాస్త్రానికి విరుద్ధం కాదు. వేసవి మబ్బు చాలాసార్లు ఎండ పూట లేస్తుంది. పట్టపగలు ఆ వెలుతురులో, మబ్బు కడుపులోనే మెరిసి ఆరిపోయే మెరుపు కంటికి ఆనదు. కిటికీ దగ్గర కూర్చున్నవాడికి మొదట అందే కబురు దూరాన గుడగుడ. అప్పుడు లేచి బయటికి వచ్చి మెరుపు కోసం చూస్తాడు. రాత్రి సంగతి వేరు. చాలా దూరాన ఉన్న మబ్బు మెరుపులు కూడా ఆకాశం అంచున కనిపిస్తూనే ఉంటాయి, చప్పుడు మాత్రం రాదు. ఉరుము మామూలుగా పదిహేను కిలోమీటర్లకు మించి వినపడటం అరుదు. అంటే ఆ మెరుపును చూసి సంబరపడినా ఆ మబ్బు మీదాకా వస్తుందన్న భరోసా లేదు. ఉరుము వినపడిందంటే మాత్రం మబ్బు దగ్గరికి వచ్చేసినట్టే, పిడుగు అందే దూరంలో మీరున్నట్టే. మేడ మీద నిలబడి చూస్తున్నవారైతే అప్పుడే కిందికి దిగాలి.

‘ఉరుము’ మాట గురించి రెండు ముక్కలు చెప్పకుండా ముందుకు పోలేను. ఇది అచ్చమైన ద్రావిడ పదం. తమిళంలో ‘ఉరుము’ అన్నా పిడుగు చప్పుడే, అక్కడే ‘ఉఱుము’ అంటే మృగం గుర్రుమనడం. మన పాత ముద్రణల్లో కూడా బండి ఱతో ‘ఉఱుము’ కనిపిస్తుంది. చప్పుడును పట్టి చేసిన మాట ఇది, పలికితేనే గొంతులో గురగుర పుడుతుంది. ఉరుము అనే వాద్యం కూడా ఉంది. మరో అర్థం: ‘ఉరిమి చూశాడు’ అంటాం. చెవికి సంబంధించిన మాట కంటికి వచ్చి కూర్చుంది, కోపం చప్పుడు చేయకుండా చూపులోంచి వచ్చిందని. ఇంత నిండైన క్రియ మనకుండగా ‘ఉరుముల శబ్దాలు వినిపించాయి’ అని రాసేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఉరుమంటేనే శబ్దం. ‘ఉరిమింది’ అంటే అయిపోయె!

మీ రెండో ప్రశ్న ‘ఉరుములు పడ్డాయి’. ఉరుము ఉరుముతుంది, మెరుపు మెరుస్తుంది, పిడుగు పడుతుంది, వాన కురుస్తుంది. ఒక్కొక్కదానికి ఒక్కో క్రియ ఇచ్చుకున్న భాష మనది. కనుక పడేది పిడుగే అనడం సుబ్బరమైన వాడుక. కానీ ‘ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు’ అనే సామెత ఒకటుంది, అందులో పడింది ఉరుమే. సామెతలు జనం నోట నలిగినవి, వాటిని తప్పుపట్టే అధికారం నాకు లేదు. అందుచేత మాటల్లో ‘ఉరుము పడింది’ అంటే నేను దిద్దను, వార్తలో రాస్తే దిద్దుతాను. పనిలో పనిగా, ఆ సామెతలోది ‘మంగళం’ కాదు, ‘మంగలం’. గింజలు వేయించే పెంకు అది. శుభం మీద ఉరుము పడటమేమిటని అర్థం వెతుక్కుంటూ వ్యాసాలు రాసినవారున్నారు. నిఘంటువు ఒక్కసారి తిరగేస్తే సరిపోయేది.

‘ఉరుములు మెరుపులతో కూడిన వర్షం’ తప్పు కాదు. కానీ ఆ ‘కూడిన’ ఎందుకు? వడగళ్ళ వాన, రాళ్ళవాన, గాలివాన అనే జాతికి ఉరుముల వాన హాయిగా చేరుతుంది. మీ ఉత్తరంలో మీరే ఆ మాట వాడారు, మళ్ళీ శాస్త్రీయత కోసం పొడుగుమాట వెతుక్కున్నారు. ఈమధ్య ఫోన్లలో ‘ఉరుములతో కూడిన తుఫాను’ అని కనిపిస్తోందట. ఇది మాత్రం తప్పే. తుఫాను అరబ్బీ నుంచి వచ్చి మనదైన మాట, దాన్ని మనం సముద్రం మీద పుట్టిన వాయుగుండం బలపడినదానికి ఉంచుకున్నాం. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే వాతావరణ శాఖ దానికి ఆ పేరు పెడుతుంది. రోజుల తరబడి సాగే తుఫానెక్కడ, చాలాసార్లు గంటలోపే పుట్టి పెరిగి కరిగిపోయే ఒంటరి ఉరుముల మబ్బెక్కడ! ఆ మాటలు చూసి తీరంలో ఉన్నవాళ్ళకు అనవసరంగా టెన్షన్.

‘అవకాశం’ సంగతి. అవకాశమంటే మొదట చోటు, తావు. చోటు దొరకడం మేలు కనుక మంచి జరిగే వీలుకు ఆ మాట స్థిరపడింది. ‘పిడుగులు పడే అవకాశం’, ‘పంట నష్టపోయే అవకాశం’ అని వింటే ఎవరో అందుకోసం కాచుకుని ఉన్నట్టుంటుంది. పిడుగులు ‘పడవచ్చు’ అంటే చాలు. ‘వాన పడే అవకాశం’ మాటేమిటి? ఆరబోసిన ధాన్యం ఉన్నవాడికి అది అపాయం, ఎండకు వాడిపోయి ఎదురుచూస్తున్న మీకు అవకాశమే. కాబట్టి మీవంటివారు ఆ మాట నిక్షేపంగా వాడుకోవచ్చు. అందరి కోసం రాసేటప్పుడు ‘వాన పడేలా ఉంది’, ‘వాన రావచ్చు’ మేలు. ఇంతకంటే గట్టిగా తీర్పు చెప్పను, వాడుక చాలా దూరం వెళ్ళిపోయింది.

మరొకటి, మీరడగలేదు గానీ చెబుతాను. ‘దుర్దినం’ అనే మాటను ఇవాళ ఏదో ఘోరం జరిగిన రోజుకు వాడుతున్నారు. ఆ అర్థమూ ఉన్నదే. కానీ అమరుడు చెప్పింది ‘మేఘచ్ఛన్నేఽహ్ని దుర్దినమ్’ అని, మబ్బు కమ్మిన పగలే దుర్దినం. పత్రికలవారికి ఈ మొదటి అర్థం తెలిసి ఉంటే బాగుండును. మీరు వేసవి పొడుగునా కోరుకునేది ఆ దుర్దినాన్నే.

‘వాన ఆగిపోయింది’ అనేవారికి కూడా ఒక మాట. ఆగింది అనవచ్చు, దోషం లేదు. కానీ కురిసి, తగ్గి, మబ్బు విడి, తెరిపి ఇచ్చినప్పుడు చెప్పడానికి ‘వాన వెలిసింది’ అనే క్రియ ఉంది. రంగు వెలవడం, దేవుడు వెలవడం వేరు సంగతులు. కాసేపు నిలిచి మళ్ళీ అందుకునేదైతే ‘ఆగింది’, పూర్తిగా తేలిపోతే ‘వెలిసింది’ అని నేను తేడా పాటిస్తాను. అందరూ పాటించాలని పట్టుబట్టను.