బుజ్జీ, ముందు వేరే సిమ్ తీసుకో

బుజ్జీ,

నువ్వు రక్తదాతల గ్రూపులో వాలంటీరుగా చేరావని, సాయంత్రమైతే ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఫోన్లు చేసి రక్తం ఇస్తారా అని అడుగుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఇరవై రెండేళ్లు బ్లడ్ బ్యాంకులో పనిచేసినదాన్ని, మన ఇంట్లోంచి ఇంకొకరు ఈ పనిలోకి వచ్చారంటే నాకెంత గర్వంగా ఉంటుందో నీకు తెలియదు. కానీ ఆ వెంటనే "దాని నంబరే పోస్టర్ మీద వేశారక్కా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావని ఇలా రాస్తున్నా, చివరిదాకా చదువు.

ఆదివారం లోపు వేరే సిమ్ తీసుకో. మన దేశంలో మామూలు కనెక్షన్‌తో నంబర్ కనపడకుండా ఫోన్ చేసే వీలు లేదు, నువ్వు చేసిన ప్రతి కాల్‌తోనూ నీ నంబర్ అవతలివాళ్ల దగ్గర ఉండిపోతుంది, ఇప్పుడున్న నంబర్‌కేమో నీ బ్యాంకు, ఆధార్, కాలేజీ అన్నీ ముడిపడి ఉన్నాయి. పనిలో పనిగా ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీ సైట్‌లో నీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకో. కొత్త నంబర్ వాట్సాప్‌కి నీ ఫొటో వద్దు, గ్రూపు బొమ్మ పెట్టు. లాస్ట్ సీన్ తీసెయ్. ట్రూకాలర్‌లో నీ పేరు ఎలా వస్తోందో ఫ్రెండ్ ఫోన్‌లో చూడు, ఎవరైనా నీ పేరు పక్కన హాస్టల్ పేరు కూడా పెట్టి సేవ్ చేసుకుని ఉంటే అదే నలుగురికీ కనపడొచ్చు.

డబ్బు జోలికి అసలు వెళ్లకు. "బయలుదేరాను, పెట్రోల్‌కి ఐదొందలు ఫోన్‌పే చెయ్యండి" అని పేషెంటు ఇంటివాళ్లకి దాతలా చెప్పి, డబ్బు పడగానే ఫోన్ ఆపేసేవాళ్లు ఉన్నారు. డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం 1998 నుంచి నిషేధం, ఆ సంగతి పేషెంటు తరఫువాళ్లకి నువ్వే ముందు చెప్పు. మోసపోయామని వాళ్లు ఫోన్ చేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యమను. నీ యూపీఐ ఐడీ మాత్రం ఎవరికీ ఇవ్వకు, దాంతో బ్యాంకులో ఉన్న నీ పూర్తి పేరు తెలిసిపోతుంది.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతా.

2014లో, వానాకాలం చివర. డెంగీ జోరుగా ఉంది. ఎనిమిదేళ్ల పాప, బి నెగటివ్, ప్లేట్‌లెట్లు పద్నాలుగు వేలకి పడిపోయాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకి మించి నిలవ ఉండవు, ఆ గ్రూపువి మా దగ్గర ఒక్క ప్యాకెట్ కూడా లేదు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. మా కౌంటర్ దగ్గర నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూస్తున్నాడు. నేనే నా ఫోన్ తీసి మెసేజ్ కొట్టాను. పాప పేరు, జబ్బు, వార్డు, బెడ్ నంబర్, అతని పేరు, అతని ఫోన్ నంబర్. అన్నీ రాశాను, తేదీ తప్ప. కంగారులో "నెగటివ్"ని "నెగటీవ్" అని కొట్టాను. నాకు తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాను.

సాయంత్రానికి ముగ్గురు వచ్చారు. ఇద్దరు ఇచ్చారు. మూడో రోజు పాప పోయింది.

నెల తర్వాత అతను ఏదో కాగితం కోసం ఆస్పత్రికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టి, జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. బటన్ల ఫోన్, ఐదో అంకె అరిగిపోయి ఉంది. కాల్స్ లిస్టు కిందికి జరుపుతూనే ఉన్నాడు. విశాఖపట్నం, బెంగళూరు, దుబాయ్ నుంచి కూడా. అందరూ మంచివాళ్లే బుజ్జీ, రక్తం ఇస్తామనే చేశారు. "వీళ్లకి ఏం చెబుతున్నావు?" అన్నాను. "సరిపోయిందండీ, దండాలు అంటున్నానమ్మా. పాప లేదంటే పాపం వాళ్లు బాధపడతారు కదా" అన్నాడు. ఒకసారి అతను నిద్రలో ఉంటే భార్య ఎత్తిందట. అవతల ఎవరో ఆడమనిషి "పాపకి ఎలా ఉందమ్మా?" అని అడిగిందట. అంతకు మించి అతను చెప్పలేదు, నేను అడగలేదు.

నంబర్ మార్చుకోమని అందామని నోటిదాకా వచ్చింది. కానీ ఆటోలో స్కూలుకి వెళ్లే పిల్లల ఇళ్లవాళ్లందరి దగ్గరా ఆ నంబరే ఉంది, అతని తిండి దాని మీదే. "రక్తం అవసరం తీరింది, దయచేసి ఆపండి" అని మళ్లీ పంపాను. మొదటి మెసేజ్ వెళ్లినంత దూరం ఇది వెళ్లలేదు. రెండేళ్ల తర్వాత, 2016లో మళ్లీ డెంగీ రోజుల్లో, ఎవరో మా గ్రూపులోనే "అర్జెంట్" అని పెట్టారు. "నెగటీవ్" చూసి గుర్తుపట్టాను. నా చేత్తో కొట్టినదే. అప్పట్లో ఫార్వర్డ్ అన్న గుర్తు కూడా పడేది కాదు, ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా మన దేశంలో ఆపింది 2018లో.

అందుకని నీ మెసేజ్‌లో ముందు తేదీ, టైము రాయి. తర్వాత బ్లడ్ గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ బ్లడ్ బ్యాంకు, ఎప్పటిదాకా అవసరం. పేషెంటు పేరు, జబ్బు, బెడ్ నంబర్ వద్దు. ఇంట్లోవాళ్ల నంబర్ అసలే వద్దు, నీ కొత్త నంబర్ ఇవ్వు. వీలైతే స్టేటస్‌లో పెట్టు, అదైతే 24 గంటల్లో పోతుంది.

దాతల లిస్టు సంగతీ చూడు. మగవాళ్లకి మూడు నెలలు, ఆడవాళ్లకి నాలుగు నెలలు గ్యాప్ ఉండాలి కాబట్టి ఎవరు ఎప్పుడు ఇచ్చారో రాసుకోవాల్సిందే. కానీ ఆ గూగుల్ షీట్ లింకు ఉన్న ప్రతివాడికీ తెరుచుకునేలా పెట్టకు, అందులో నీలాంటి ఆడపిల్లల నంబర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. వాళ్లనందరినీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపులో వెయ్యడం కూడా అంతే, ఒకరి నంబర్ ఇంకొకరికి నువ్వే ఇచ్చినట్టు.

"మీరెక్కడుంటారు" అని ఎవరైనా అడిగితే బ్లడ్ బ్యాంకు పేరు చెప్పు, హాస్టల్ పేరు కాదు. ఎంత ఏడుస్తున్నా, ఎంత మర్యాదగా మాట్లాడినా వాళ్ల బండి ఎక్కకు. రాత్రి పదకొండు దాటితే ఆ ఫోన్ మీ గ్రూపులో అబ్బాయిలెవరికైనా ఇచ్చెయ్. రక్తం పనికి కాకుండా ఊరికే రెండోసారి చేసినవాణ్ణి బ్లాక్ చెయ్, మూడోసారి వేరే నంబర్ నుంచి చేస్తే పోలీసుల షీ టీమ్స్‌కి చెప్పు, ముందు నాకు చెప్పు. ఒక్కదానివే మనసులో పెట్టుకుని టెన్షన్ పడ్డావని తెలిస్తే మాత్రం నేను ఖమ్మంలో బస్సెక్కి వచ్చేస్తా.

ఆ పోస్టర్లు ఎక్కడెక్కడ అతికించారో వెళ్లి నీ నంబర్ మీద కాగితం అంటించి రా. కొత్త సిమ్ పనిచెయ్యగానే మొదటి ఫోన్ నాకు చెయ్యి. నాది ఓ పాజిటివ్, అరవై మూడేళ్లు, పోయినసారి ఇచ్చి ఐదు నెలలైంది. అరవై ఐదు దాకా ఇవ్వొచ్చు, నీ లిస్టులో రాసుకో.

పెద్దమ్మ