లాయంలో గుర్రం, ఇంట్లో ఈఎంఐ: ఈ సీజన్‌కి కొనాలా, లీజుకు తీసుకోవాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్. నాకు 44 ఏళ్లు, ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, నెలకు 1,65,000 చేతికి వస్తుంది. నా భార్య టీచర్, జీతం 45,000. అమ్మాయి పదో తరగతి, బాబు ఆరో తరగతి. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెస్సాజ్ (గుర్రంతో లయబద్ధంగా అడుగులు వేయించే పోటీ) టీమ్ బంగారం గెలవడం టీవీలో చూసినప్పటి నుంచి మా అమ్మాయికి గుర్రాలే లోకం. క్లబ్బులో షో జంపింగ్, అంటే గుర్రం మీద అడ్డుకర్రలు దూకడం నేర్చుకుంటోంది. అక్టోబరులో పోటీలు మొదలవుతాయి కాబట్టి ఈలోపే సొంత గుర్రం కొనమని కోచ్ అంటున్నారు. రేసుల నుంచి రిటైరైన ఎనిమిదేళ్ల గుర్రం 4.5 లక్షలకు ఉంది. పీఎఫ్ తీయాలా, 6 లక్షల ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా, లేక ఒక ఏడాది సిప్‌లు ఆపాలా? మా నెల ఖర్చులు: ఇంటి లోన్ 52,000, ఇంటి ఖర్చు 60,000, పిల్లల ఫీజులు 25,000, సిప్‌లు 30,000, అమ్మ మందులు 6,000, రైడింగ్ కోచింగ్ 12,000. జూలైలో బోనస్ 1,60,000 వస్తుంది. అమ్మాయిని కాదనలేను, అలాగని లెక్కా తేలడం లేదు. రాత్రిళ్లు అదే టెన్షన్.

జవాబు:

మీరు 4.5 లక్షలు ఎక్కడి నుంచి తేవాలని అడిగారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో చివర కోచ్ దగ్గర రాయించుకుని జత చేసిన ఖర్చుల కాగితమే ముఖ్యంగా కనిపించింది. ముందు అక్కడి నుంచి మొదలుపెడదాం.

లాయం ఫీజు, దాణా, సైస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) జీతం కలిపి నెలకు 28,000. ఆరేడు వారాలకోసారి లాడాలు మార్చాలి. నట్టల మందు, టీకాలు, ఏడాదికోసారి పళ్లు అరగదీయించడం, డాక్టర్ ఖర్చు ఉంటాయి. ఇవన్నీ సగటున వేస్తే నెలకు 35,000 అవుతుంది. అంటే ఏడాదికి 4,20,000. దీనిపై పోటీల ఖర్చు. ఇక్కడే జరిగేదానికి 20,000, బెంగళూరుకు రెండుసార్లు, ఒక్కోసారి 80,000, జూనియర్ నేషనల్స్ ఢిల్లీలో అనుకుంటే 1,90,000. మొత్తం 3,70,000. రెండూ కలిపితే ఏడాదికి 7,90,000. కోచింగ్ ఇప్పటికే మీ నెల ఖర్చులో ఉంది కాబట్టి దాన్ని కలపలేదు.

మీకు నెలకు మిగిలేది 25,000. ఏడాదికి 3 లక్షలు. సిప్‌లు మొత్తం ఆపేసినా ఇంకో 3,60,000 వస్తాయి. అప్పటికీ 1,30,000 తక్కువ. జూలై బోనస్ మొత్తం పోస్తేనే గట్టెక్కుతుంది, అప్పుడు కూడా ఏడాదంతా మిగిలేది 30,000, సిప్‌లు సున్నా. గుర్రం ఎవరైనా ఉచితంగా ఇచ్చినా ఈ లెక్క మారదు. అందుకే పీఎఫా, ఎఫ్‌డీనా అన్న ప్రశ్న దగ్గరికి మనం ఇంకా రాలేదు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కారు ఈ నెల తీయకపోతే పెట్రోలు మిగులుతుంది. గుర్రానికి ఆ వెసులుబాటు లేదు. పరీక్షలని అమ్మాయి ఎక్కకపోయినా, కాలు నొప్పి అని గుర్రమే నిలబడిపోయినా రోజుకు పది కిలోల దాకా మేత, దాణా వెయ్యాల్సిందే, సైస్ రావాల్సిందే. ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. గుర్రం పాతికేళ్లు, కొన్ని ముప్ఫై ఏళ్లు కూడా బతుకుతాయి. మీరు చూసినదానికి ఎనిమిదేళ్లు. మీ అమ్మాయి మూడేళ్లలో కాలేజీకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత పద్నాలుగేళ్లో, అంతకు పైగానో దాని బాధ్యత ఎవరిది? కొనేటప్పుడు ఈ మాట ఎవరూ ఎత్తరు. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అంటారు. గుర్రానికి ఆ సామెత పనికిరాదు. కాలు దెబ్బతిన్న గుర్రాన్ని 4.5 లక్షలకు కాదు కదా, ఉచితంగా ఇస్తామన్నా తీసుకెళ్లి బాగా చూసుకునేవాళ్లు దొరకడం కష్టం.

నేను కళ్లారా చూసిన సంగతి ఒకటి చెబుతాను. నా దగ్గర సలహా తీసుకునే ఒకాయన సెప్టెంబరులో కొడుకు కోసం గుర్రం కొన్నారు. నవంబరులో ఒక రోజు పొద్దున్నే ఐదున్నరకు నన్ను లాయానికి తీసుకెళ్లారు. మంచు ఇంకా విడలేదు. లాడాలు కొట్టే అతను గుర్రం ముందుకాలు ఎత్తి తన మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఒక్కో మేకూ లాగి లాడం ఊడదీశాడు. పెద్ద పటకారుతో గిట్టను చుట్టూ నొక్కుకుంటూ వస్తుంటే ఒక్కచోట గుర్రం ఒళ్లంతా అదిరి కాలు లాక్కుంది. సైస్ అప్పటికే మడమ పైన అరచేయి ఆనించి చూసి "వేడిగా ఉంది సార్" అన్నాడు. గిట్ట లోపల చీము. ప్రాణం మీదకు వచ్చే జబ్బు కాదు. చీము తీసి, ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో కాలు నానబెట్టి, కట్టు కడుతూ రెండు మూడు వారాలు విశ్రాంతి ఇస్తే సరిపోయింది. కానీ పోటీ సరిగ్గా తొమ్మిది రోజుల్లో ఉంది. ఎంట్రీ ఫీజు పోయింది, లారీ అడ్వాన్స్ పోయింది. డాక్టర్ బిల్లు క్రెడిట్ కార్డు మీద పడింది. ఆ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం. ఆ కుర్రాడు గుర్రం మెడ పట్టుకుని నిలబడిన తీరు ఇంకా గుర్తుంది. అందులో ఎవరి తప్పూ లేదు. గుర్రాలతో ఇది మామూలే. ఆ మామూలుకి డబ్బు పక్కన పెట్టుకోకపోవడమే వాళ్లను దెబ్బతీసింది.

కాబట్టి నా సలహా: ఈ ఏడాది కొనొద్దు. పోటీలకు మాత్రం పంపండి. క్లబ్బు గుర్రాన్నే హాఫ్ లీజుకు ఇస్తామన్నారని మీరే రాశారు. వారానికి మూడు రోజులు, పోటీలకు కూడా తీసుకెళ్లవచ్చు, నెలకు 15,000. ఆగస్టు నుంచి మార్చి దాకా ఎనిమిది నెలలకు 1,20,000. పోటీలు కూడా మూడే పెట్టుకోండి: ఇక్కడిది, బెంగళూరు ఒకటి, అర్హత వస్తే జూనియర్ నేషనల్స్. పదో తరగతి పిల్లకి డిసెంబరు తర్వాత పుస్తకాలే ప్రపంచం కావాలి. రెండో బెంగళూరు ట్రిప్పు మానుకుంటే డబ్బే కాదు, వారం రోజుల బడి కూడా మిగులుతుంది.

రేసు గుర్రం విషయంలో మరో మాట. మలక్‌పేట ట్రాక్ మీద పరుగెత్తిన గుర్రం రెండేళ్ల వయసు నుంచి నేర్చుకున్నది ఒక్కటే, ముందుకు దూసుకెళ్లడం. అడుగులు కుదించుకుని, మలుపులో తూకం చూసుకుని, కర్ర ముందు సరైన చోట లేవడం దానికి మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. ఓపికగా నేర్పితే అద్భుతంగా దూకే గుర్రాలు ఉన్నాయి. కానీ జూన్‌లో కొని అక్టోబరులో కొత్త పిల్లతో రింగులోకి దించడం ఇద్దరికీ అన్యాయం. ఎప్పుడు కొన్నా మీ కోచ్‌కి సంబంధం లేని పశువైద్యుడితో కాళ్లకు ఎక్స్‌రేలు తీయించి, గ్లాండర్స్ (గుర్రాలకు వచ్చే అంటువ్యాధి) పరీక్ష రిపోర్టు, ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఇచ్చే గుర్రం గుర్తింపు పాస్‌పోర్టు చూశాకే డబ్బు ఇవ్వండి.

ఇప్పుడు నెలవారీగా చూద్దాం. ఎందుకంటే సీజన్ ఖర్చు నెలకింత అని సమానంగా రాదు, మూడు నెలల్లో ఒక్కసారిగా మీద పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నెలకు 25,000 చొప్పున లక్ష. అందులో రెండు నెలల లీజు 30,000 పోతే 70,000. బోనస్ కలిపితే అక్టోబరు మొదట్లో 2,30,000 ఉంటాయి. అక్కడి నుంచి లీజు పోను నెలకు 10,000 చేరుతుంది. అక్టోబరు పోటీకి 20,000, నవంబరులో బెంగళూరుకు 80,000 అయ్యాక చేతిలో 1,50,000. డిసెంబరులో మరో 10,000 చేరినా ఢిల్లీకి 1,90,000 కావాలి. 30,000 తక్కువ పడుతుంది. చాలామంది కార్డు గీకేది ఇక్కడే.

మీ ఢిల్లీ లెక్కలో నలుగురికీ విమానం, హోటల్ కలిపి 70,000 వేశారు. ఇద్దరే వెళ్లండి, అమ్మాయితో మీరో, మీ ఆవిడో. 35,000 మిగులుతుంది. బాబుకి బెంగళూరు ట్రిప్పు ఇవ్వండి. అక్క దూకేది వాడు కూడా చూడాలి. ఇంట్లో డబ్బంతా అక్క గుర్రానికే అన్న మాట పదకొండేళ్ల పిల్లాడి మనసులో పడనివ్వకూడదు. అప్పుడు డిసెంబరు చివర మీ చేతిలో 5,000 ఉంటుంది, అప్పు ఉండదు. జనవరి నుంచి మళ్లీ పోగవుతూ వచ్చే మే చివరికి 85,000 అవుతుంది. వచ్చే సీజన్‌కు అదే మొదటి డబ్బు.

దీనికి వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, ఆటో స్వీప్ (ఒక పరిమితి దాటిన డబ్బు తనంతట తానే ఎఫ్‌డీలోకి మారే ఏర్పాటు) పెట్టించండి. జీతం పడిన మర్నాడే 25,000 అందులోకి వెళ్లాలి. బోనస్ పడిన రోజే మొత్తం అందులో వేయండి. షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో మాత్రం ఈ డబ్బు పెట్టొద్దు. ఆరు నెలల్లో కావాల్సిన డబ్బు అది.

ఎఫ్‌డీని ముట్టుకోకండి. మీ నెల ఖర్చు 1,85,000. ఆ 6 లక్షలు మూడు నెలలకు కాస్త పైన సరిపోతాయి, అంతే. ప్రైవేటు ఉద్యోగం, ఇంటి లోన్, పెద్దావిడ మందులు ఉన్న ఇంటికి నిజానికి అది కూడా తక్కువే. పీఎఫ్ సంగతి ఇంకా తీవ్రమైనది. ఇప్పటి 8.25 శాతం వడ్డీయే కొనసాగితే, ఈ రోజు తీసే 4.5 లక్షలు మీకు 58 వచ్చేసరికి సుమారు 13.6 లక్షలు అయ్యేవి. సిప్‌లలో కూడా పిల్లలిద్దరి చదువు ఉంది, అమ్మాయిది ఒక్కటే కాదు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు దాని గురించే. మన హెల్త్ పాలసీల్లో ఎక్స్‌క్లూజన్ల (దేనికి డబ్బు ఇవ్వరో చెప్పే) పేజీ తీసి 'ఎక్స్‌క్ల్ 09' అనే కోడ్ చూడండి. ప్రమాదకర, సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొని దెబ్బ తగిలితే చికిత్స ఖర్చు ఇవ్వరని అందులో ఉంటుంది. ఆ జాబితాలో గుర్రప్పందేల పేరు కూడా ఉంది. మీ అమ్మాయి ప్రొఫెషనల్ కాదు, ఆడేది పందెం కాదు. అయినా ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడి ఈ వాదన చేసే పరిస్థితి తెచ్చుకోకండి. "మా అమ్మాయి స్కూలు విద్యార్థిని, అమెచ్యూర్‌గా షో జంపింగ్ చేస్తుంది, దెబ్బ తగిలితే కవర్ అవుతుందా?" అని ఇప్పుడే ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆఫీసు పాలసీకీ, సొంత పాలసీకీ విడివిడిగా అడగాలి. వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకుంటే అందులోనూ ఇదే ప్రశ్న. హెల్మెట్ దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. ఒకసారి తల గట్టిగా కొట్టుకుంటే పైకి పగులు కనిపించకపోయినా కొత్తది కొనాల్సిందే.

ప్రైజ్ మనీతో ఖర్చు వెనక్కి రావచ్చని కోచ్ అన్నట్టు రాశారు. బడ్జెట్‌లో దానికి సున్నా వేసుకోండి. హాంగ్‌ఝౌ మాట కూడా చెప్పాలి. 41 ఏళ్ల తర్వాత ఏషియన్ గేమ్స్ గుర్రపు స్వారీలో మనకు వచ్చిన ఆ బంగారం చూసి నాకూ గర్వంగానే అనిపించింది. ఆ నలుగురూ యూరప్‌లో ఏళ్ల తరబడి ఉండి శిక్షణ తీసుకున్నవాళ్లు. అమ్మాయికి అది స్ఫూర్తిగా ఉండనివ్వండి, ఇంటి బడ్జెట్‌కి కొలతగా మాత్రం కాదు.

సొంత గుర్రం మాట వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ మాట్లాడుకుందాం. క్లబ్బులో ఇంకో కుటుంబం కలిసొస్తే సగం సగం కొనడం మీకు అందుబాటులోకి రావచ్చు. నెలకు 17,500 అవుతుంది, ఇప్పటి లీజు కంటే 2,500 ఎక్కువ. కాకపోతే ఏడాది పొడుగునా కట్టాలి, డాక్టర్ బిల్లులో, పోటీ రోజుల్లో ఎవరి వంతు ఎంతో ముందే రాసుకోవాలి.

ఈలోగా లీజు కాగితం మీద సంతకం పెట్టేముందు మూడు మాటలు రాయించండి. గుర్రం కుంటితే ఆ రోజుల లీజు డబ్బు ఆగాలి, లేదా బదులు గుర్రం ఇవ్వాలి. లాడాలు, డాక్టర్ ఖర్చులో మీ వాటా ఎంతో అంకె వేసి ఉండాలి. పోటీ వారంలో గుర్రం ఎవరిదన్న గొడవ రాకుండా మీ మూడు పోటీల తేదీలు అందులోనే ఉండాలి. డ్రాఫ్ట్ ఇచ్చాక నాకు పంపండి, చదివి చెబుతాను.